నేను సభకు చదవని చిట్ఠీ

మొన్న పొద్దున పక్కింటి టీవీలోంచి బల్లలు చరిచే చప్పుడు గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. ఢిల్లీలో రాష్ట్రపతి ఉభయ సభల ముందు నిలబడి ప్రసంగం చదువుతున్నారట. ఒక గొంతు నెమ్మదిగా చదువుతూ పోయేది. బల్లల మోత లేవగానే ఆగేది. మోత తగ్గాక మళ్ళీ మొదలయ్యేది. నా చెవులకు ఎనభై ఏళ్ళు దాటాయి, మాటలు సరిగ్గా అందలేదు. కానీ ఆ ఆగడం మాత్రం స్పష్టంగా అందింది. చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. విఠలయ్య మామ ఈ ప్రసంగం సంగతి ఎప్పుడూ ఒకటే అనేవాడు. "గాయన నోట్లెకెళ్ళి వచ్చేది ఆయన మాట కాదు బిడ్డా, సర్కారు రాసిచ్చిన మాట. ఆయన సొంత మాట ఒక్కటే ఉంటది. జర ఆగుండ్రి, మల్లొక్కసారి చూడుండ్రి అనుడు. గది సుత ఒక్కసారే అనాలె. గా ఒక్కసారి గూడ ఎవ్వరు వినకుంటే ఇగ ఆయన ఎందుకు?"

ఆ మాట అన్న మనిషికి నేను ఏం చేశానో బీదర్‌లో ఇప్పుడు తెలిసినవాళ్ళు లేరు. అందుకే రాస్తున్నాను.

విఠలయ్య మామ నాకు చుట్టం కాడు. ఆయనది హుల్సూర్, నాది మన్నళ్ళి. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే రెండు కుటుంబాలు బీదర్‌లో ఒకే గల్లీలో ఉంటే వరసలు వాటంతటవే పుట్టుకొస్తాయి. నిజాం కాలంలో ఆయన అదాలతులో తర్జుమా చేసేవాడు. ఒకడు మరాఠీలో ఏడిస్తే ఉర్దూలో రాసేవాడు, ఉర్దూలో తీర్పు వస్తే తెలుగులోనో కన్నడలోనో చెప్పేవాడు. ఆ పని ఆయనకు ఒక అలవాటు నేర్పింది. ఎవరి మాటైనా మధ్యలో తుంచకుండా చివరిదాకా వినేవాడు.

ఊరి నడుమ చౌబారా బురుజు వెనక సందులో రాతి మెట్లున్న ఒక పెద్ద గది ఉండేది. దాన్ని అందరూ పేపర్ల గది అనేవారు. నాలుగు భాషల పత్రికలు, ఒక పొడుగు బల్ల, ముప్ఫై చిల్లర మంది సభ్యులు. దేశానికి రాజ్యాంగం వచ్చిన ఏడు విఠలయ్య మామ దాని ఉర్దూ తర్జుమా తెప్పించుకుని చదివి, మా గదికి నియమాలు ఆ పద్ధతిలోనే రాశాడు. సభ్యులంతా కలిస్తే అది సభ. అధ్యక్షుడు సభకు బయటి మనిషి. సభ చేసిన తీర్మానం ఆయన దస్కత్ పెడితేనే నడుస్తుంది. నచ్చకపోతే ఒకే ఒక్కసారి కారణం రాసి తిప్పి పంపవచ్చు. ఆ చిట్ఠీని కార్యదర్శి నిలబడి మొత్తం చదవాలి. విన్న తర్వాత కూడా సభ అదే తీర్మానం మళ్ళీ చేస్తే, ఆయన ఇక కాదనడానికి లేదు. ఇదంతా రాష్ట్రపతికీ పార్లమెంటుకీ మధ్య ఉన్నదే. ఆయన సొంతంగా చేర్చింది ఒక్కటే: చిట్ఠీ చదివేటప్పుడు అధ్యక్షుడు గదిలో ఉండకూడదు. తన ముఖం చూసి ఎవరూ మొహమాటపడకూడదని.

ఆ అధ్యక్షుడూ ఆయనే కావడంతో ఊళ్ళో ఆయనకు రాష్ట్రపతి అనే పేరు పడింది. ఆయన మెట్లెక్కుతుంటే దర్జీ రాజన్న లోపల్నుంచి కేకేసేవాడు. "లేవుండ్రి, లేవుండ్రి, రాష్ట్రపతి వస్తుండు! గుర్రపు బగ్గీ యాడ ఇడిసిండో అడుగుండ్రి."

"గుర్రానికి గడ్డి దొరకలే రాజన్నా. నడిసే వచ్చిన," అనేవాడు మామ చెప్పులు విడుస్తూ.

నేను తహసీల్ కచేరీలో గుమస్తాగా చేరి బీదర్ వచ్చిన రెండో ఏడు నన్ను కార్యదర్శిని చేశాడు. సభలో జరిగింది రాయడం ఆయనే నేర్పాడు. మొదటిసారి నేను రాసింది చూసి తల అడ్డంగా ఊపాడు. గెలిచిన వాళ్ళ మాటలు పేజీ నిండా ఉన్నాయి. ఓడిన వాళ్ళ సంగతి 'కొందరు ఒప్పుకోలేదు' అని ఒక ముక్క. "నర్సింలూ, ఓడిపోయినోని మాట ముందుగాల రాయి. గెలిచినోనికి తీర్మానమే ఉంటది, ఓడినోనికి నీ కాయితం తప్ప ఏముంటది?" అన్నాడు. తర్వాత ముప్ఫై ఏళ్ళు కచేరీలో నన్ను మంచి గుమస్తా అన్నారు. ఆ మంచితనమంతా ఆ ఒక్క వాక్యం వల్ల వచ్చిందే.

మేం మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తలో సభ ఉర్దూ పత్రిక మానేసి ఆ చోట ఇంకో కన్నడ పత్రిక తెప్పించాలని తీర్మానించింది. మామ తిప్పి పంపాడు. నేను నిలబడి చదివాను. చిట్ఠీలో ఉన్నది ఒక ప్రశ్నే: 'ఈ కొత్త కన్నడ పత్రికను చదవగలిగిన వారు చేతులెత్తగలరు.' మూడు చేతులు లేచాయి. గది నవ్వుతో నిండిపోయింది. రాజన్న అయితే "రాష్ట్రపతి మన పరువు మనతోనే తీయించిండుర బై," అంటూ బల్ల మీద వాలి నవ్వాడు. తీర్మానం అక్కడే పోయింది. ఇంకోసారి రేడియో కొనాలన్నారు. గదిలో చదివేవాళ్ళకు చప్పుడవుతుందని మామ తిప్పి పంపాడు. సభ ఆయన మాట మొత్తం విని, మళ్ళీ రేడియోనే కావాలంది. ఆయన ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా దస్కత్ పెట్టాడు. రేడియో వచ్చిన రోజు వార్తలకు అందరికన్నా ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నదీ ఆయనే. "నేను ఓడినంక నా సభ గెలిచిందన్నట్టే గద," అన్నాడు. అది ఓదార్పు మాట అనుకున్నాను. ఆయన నిజంగానే అలా బతికాడని తర్వాత తెలిసింది.

మా శాంతక్క నాకన్నా ఆరేళ్ళు పెద్ద. బావ పోయాక మన్నళ్ళి నుంచి నా దగ్గరికి వచ్చింది. అక్షరం ముక్క రాదు. మా గల్లీలో పిల్లల బడి పెట్టబోతున్నారనీ, పిల్లల్ని చూసుకోవడానికి కన్నడ చదవడం రాయడం వచ్చిన ఆడమనిషి కావాలనీ తెలిసింది. అక్క ఆ మాట పట్టుకుని నేరుగా విఠలయ్య మామ ఇంటికి పోయింది. నన్ను అడగలేదు. మామ సభను ఒప్పించి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పేపర్ల గది ఆడవాళ్ళకు ఇచ్చాడు. అక్కతో మొదలై పద్నాలుగు మంది అయ్యారు. ఆయన పలక వాడలేదు. పత్రికల్లో పెద్ద అక్షరాల వార్త ఒకటి తీసుకుని దానితోనే నేర్పేవాడు.

ఒకసారి నేను కచేరీ నుంచి తొందరగా వచ్చి గుమ్మం బయట నిలబడ్డాను. ఢిల్లీ వార్త ఏదో చూపిస్తూ పార్లమెంటుకీ రాష్ట్రపతికీ ఉన్న లెక్క చెబుతున్నాడు. అక్క మధ్యలో అందుకుంది.

"గిది మా అత్తగారింట్ల ముచ్చటే గద మామా. పార్లమెంటు మా అత్త, రాష్ట్రపతి మా మామ. ఆమె ఏదన్న అంటే ఒక్కసారి 'జర ఆలోచించు' అంటుండె. రెండోసారి ఆమె గదే అన్నదనుకో, తలకాయ ఊపి కల్లుకు పోతుండె."

ఆడవాళ్ళంతా కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. మామ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "శాంతమ్మా, నేను పన్నెండేండ్లసంది చెప్తున్న, గింత సాఫ్‌గ చెప్పరాలే," అన్నాడు. లోపలికి పోకుండా నేను వెనక్కి తిరిగాను. మా అక్క గొంతు సందులోకి వినబడుతోందని నాకు సిగ్గేసింది. అంతే, వేరే కారణం లేదు.

ఆ సిగ్గును కచేరీలో నా తోటి గుమస్తా బస్వరాజ్ బాగా కనిపెట్టాడు. వాడూ, వాడి వెంట ఉండే కుర్ర సభ్యులూ సెలవు రోజుల్లో మధ్యాహ్నాలు కేరం ఆడుకోవడానికి గది కావాలంటున్నారు. "ఏం నర్సింలూ, మీ అక్క కలెక్టర్ ఎప్పుడయితది? మాకు సుత జర సిఫారస్ చెయ్యి," అనేవాడు. ఇంకోరోజు గొంతు తగ్గించి, "ముసలాయన ఎన్నేండ్లుంటడు? వచ్చే ఏడు అధ్యక్షునిగ నిన్నే నిలవెడ్తం. మనోళ్ళ చేతులన్ని నీకే," అన్నాడు. ఆ రెండు మాటలూ నా లోపల కలిసిపోయాయి. ఆడవాళ్ళ గంటలు రద్దు చేయాలని బస్వరాజ్ తీర్మానం తెచ్చాడు. రెండు చేతుల తేడాతో నెగ్గింది. అందులో ఒక చెయ్యి నాది.

శనివారం సాయంత్రం విఠలయ్య మామ మడిచిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టాడు. "రేపు చదువు బిడ్డా," అన్నాడు. ఇంటికి వచ్చి విప్పాను. ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది:

'సభ వారికి. మధ్యాహ్నం గంటలు తీసివేయాలన్న మీ తీర్మానం అందింది. ఆ గంటల్లో వచ్చే పద్నాలుగు మందికి ఈ సభలో ఓటు లేదు. ఓటు లేనివారి దగ్గర నుంచి ఒకటి తీసుకునే ముందు, వారిని ఒక్కనాడు పిలిచి అడగండి. వారు నిలబడి చెప్పింది విన్న తర్వాత కూడా మీరు ఇదే మాట అంటే, నేను ఆ క్షణమే దస్కత్ పెడతాను.'

ఇది చదివితే తీర్మానం నిలవదని నాకు వెంటనే తెలిసింది. ఆ పద్నాలుగు మందిలో రాజన్న భార్య ఉంది, ఇంకో నలుగురు సభ్యుల ఇంటివాళ్ళు ఉన్నారు. అందరికన్నా ముందు లేచేది మా అక్క. సభ ముందు, బస్వరాజ్ ముందు, ఆ గొంతుతో. నేను కాగితం గూట్లో పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి పోయాను. వచ్చేసరికి అక్క దాన్ని పొయ్యి వెలుగుకు పట్టుకుని వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. కన్నడ అక్షరాలు వచ్చినవాళ్ళకు తెలుగు అక్షరాలు పూర్తిగా కొత్త కావు.

"స... భ... గిది సభ అనే గద తమ్మీ? ఏం కాయితం?"

"కచేరీది. పనికిరానిది," అని లాక్కున్నాను. ఆమె ఎదుటే పొయ్యిలో వేశాను. "అయ్యో, ఇంకో మాట చదువుదును గద," అంది అక్క. చదవగలిగానన్న సంతోషంలో ఉంది, నా ముఖం చూడలేదు.

మరుసటి రోజు పొద్దున సభ కూడింది. నియమం ప్రకారం మామ బయటికి పోయి చౌబారా అరుగు మీద కూర్చున్నాడు. నేను లేచి, "అధ్యక్షులు మళ్ళీ ఒకసారి ఆలోచించమన్నారు," అన్నాను.

"చిట్ఠీ ఏది?" అన్నాడు రాజన్న.

"చిట్ఠీ లేదన్నా. నోటి మాటగ గంతే అన్నడు."

"గంతేనా? రాయకుంట పంపిండా?" రాజన్న కాసేపు తల గోక్కున్నాడు. "అయితే ఆయనకు సుత పెద్ద పట్టింపు లేనట్టుంది," అన్నాడు. అంతకుముందు వద్దన్న ఇద్దరు ముగ్గురు కూడా ఈసారి తీర్మానానికి అవునన్నారు.

చౌబారా దగ్గరికి నేనే పోయాను. మామ లేచి నిలబడ్డాడు.

"చదివినవా?"

"చదివిన."

"మొత్తం?"

"మొత్తం."

ఆయన కళ్ళు నా ముఖం మీద నుంచి పక్కకు, సందు వైపుకు పోయాయి. "పిలుద్దాం అని ఒక్కడు సుత లేవలేదా? రాజన్న?"

"లేవలే మామా."

తీర్మానం కాగితాన్ని దస్కత్ పెట్టకుండా ఎన్నాళ్ళు దగ్గర ఉంచుకున్నా అడిగే నియమం లేదు. రాష్ట్రపతికీ గడువు లేదనీ, తనకూ లేదనీ ఆయనే నాకు ఒకప్పుడు చెప్పాడు. నేను దానికే భయపడ్డాను. ఆయన మాత్రం కాగితాన్ని అరుగు మీద పరిచి, అక్కడే సంతకం చేశాడు. "సభ విన్నది. విని వద్దన్నది. ఇగ నాది ఏముంది?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఏ తీర్మానాన్నీ తిప్పి పంపలేదు. ఏది తెస్తే దాని మీద దస్కత్ పెట్టాడు. రాజన్న వేళాకోళం చేస్తే నవ్వేవాడు కాదు. రాజన్న మొదట ఆశ్చర్యపడ్డాడు, తర్వాత నొచ్చుకున్నాడు, చివరికి పిలవడం మానేశాడు. ఏడాది తిరిగేసరికి మామ భాల్కిలో తమ్ముడి దగ్గరికి పోయాడు. నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. నన్ను రాష్ట్రపతి అని ఎవరూ, ఎగతాళికి కూడా, పిలవలేదు. అక్క కొన్నాళ్ళు "మల్ల ఎప్పుడు తెరుస్తరు తమ్మీ?" అని అడిగింది. నేర్చుకున్నవి సగంలో ఆగిపోయాయి. పిల్లల బడి పని ఇంకొకరికి పోయింది. ఆ వానాకాలం ముందు ఆమె మన్నళ్ళికి తిరిగి పోయింది. కూలికి.

నేను నిజం చెప్పడానికి పది పన్నెండేళ్ళు పట్టింది. అప్పటికి రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. రాజన్న చనిపోయాడు. ఆ శవం వెంట నడుస్తూ, విఠలయ్య మామ రాలేదని ఎవరో అంటే విన్నాను. ఆ వారమే భాల్కి బస్సెక్కాను.

ఆయన తమ్ముడి ఇంటి ముందు ఎండలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నేను దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ పోయి, "మామా, ఆ దినం నేను చిట్ఠీ చదవలే. కాలవెట్టిన," అని మాత్రం అనగలిగాను. తర్వాత మిగతాదంతా చెప్పాను. ఎప్పటిలాగే మధ్యలో తుంచకుండా విన్నాడు.

"అంటే వాళ్ళకు తెల్వదా?" అన్నాడు.

"తెల్వదు."

"రాజన్నకు?"

"తెల్వదు మామా. నీకే పట్టింపు లేదనుకున్నడు."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎదురుగా లేని మనిషితో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "మొన్న రాజన్న పోయిండని కబురొచ్చింది. నేను పోలే. నా మాట విని గూడ లేవనోడు, వాని పీనుగు దిక్కు నేనెందుకు లేవాలె అనుకున్న. గట్ల అనుకున్న నేను." "నా సభ మంచిదే ఉండె. నేనే ఇన్నేండ్లు దాన్ని..."

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "మాఫీ చెయ్యి మామా," అన్నాను.

"రాష్ట్రపతికి మాఫీ చేసే హక్కుంటది," అన్నాడు. ఆ మాటలో పాత హాస్యం పిసరంత మెదిలి పోయింది. "నాకైనదానికి నేను చేస్తా తియ్యి. రాజన్నకైనదానికి ఎవ్వరు చేస్తరు? మీ అక్కకు చెప్పినవా?"

"లేదు."

"ఆమెకు ఓటు లేకుండె గదరా. గా ఒక్కటే అడిగిన నేను, ఆమెను అడుగుండ్రి అని. పో. పోయి చెప్పు. ఆమె ఏమంటదో వచ్చి నాకు చెప్పు."

మరుసటి ఆదివారం మన్నళ్ళి పోయాను. అక్క కందిచేనులో కలుపు తీస్తోంది. గట్టు మీద నిలబడి చెప్పాను. పొయ్యిలో వేసిన కాగితం సంగతి చెప్పినప్పుడు ఆమె చేతిలో కొడవలి ఆగింది.

"గండ్ల ఏముండె?"

చిట్ఠీ మొత్తం, మొదటిసారి, నిలబడి పైకి చెప్పాను.

"పిలిచి అడుగుమన్నడా? మమ్ముల?" అంది. ఆ ప్రశ్నలో కోపం లేదు. నమ్మలేకపోవడం ఉంది. తర్వాత కొంగు సవరించుకుని, చేనులోనే లేచి నిలబడింది. నా వైపు కాదు, నాకు కొంచెం పక్కగా, అక్కడ ఆనాటి సభ కూర్చున్నట్టు చూస్తూ మాట్లాడింది.

"అయ్యా, నాకు మగడు లేడు. తమ్ముని ఇంట్ల తింటున్న. నాలుగు అక్షరాలు వస్తే నా బువ్వ నేను తింట. పొద్దంత మీరే ఆడుకోరి, గా రెండు గంటలు మాకియ్యిరి. మేం సప్పుడు చెయ్యం."

ఆగింది. "గంతే. గంతకన్న ఎక్కువ నాకు రాదు," అని మళ్ళీ కూర్చుని కలుపు అందుకుంది. నేను అలాగే నిలబడి ఉంటే, "బస్సు పోతది, పో తమ్మీ," అంది. క్షమించానని అనలేదు. తర్వాత బతికినన్నాళ్ళూ అనలేదు. నేనూ అడగలేదు.

ఆ వారం భాల్కి పోవలసింది. కచేరీలో తనిఖీ ఉందని పోలేదు. తర్వాతి వారం జ్వరం అన్నాను, అది అంత పెద్ద జ్వరం కాదు. అక్క మాటలు ఆయన ముందు నా నోటితో అనడానికి నాకు ధైర్యం చాలలేదన్నదే నిజం. నాలుగో వారం బస్సు దిగి ఆ ఇంటి ముందుకు పోయేసరికి మంచం గోడకు నిలబెట్టి ఉంది. ఆయన తమ్ముడు నన్ను చూసి లోపలికి రమ్మన్నాడు. "అన్న పోయేదాంక రోజు పొద్దున ఈడనే కూసుంటుండె. బీదర్ బస్సు వచ్చిందా అని అడుగుతుండె. ఎవ్వరన్న వచ్చేదుండెనా?" అన్నాడు.

నేనే రావలసిందని చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

ఇప్పుడు శాంతక్కా లేదు. కచేరీలో వేల కాగితాలు రాశాను, వాటిలో ఒక్క వాక్యం గుర్తు లేదు. అక్క చేనులో నిలబడి అన్న ఆ నాలుగు మాటలు మాత్రం ఆమె గొంతుతో సహా నా దగ్గరున్నాయి. విఠలయ్య మామ సభను అడిగింది వాటినే. చివరికి నన్ను అడిగిందీ వాటినే.